బండ మీద తారీఖు

సదానందం డిసెంబరు ఎనిమిదో తేదీ ఉదయం ఏడుంబావుకు, భీమిలి దాటాక, సముద్రంలో పోయాడు. రిటైర్మెంటుకు ఇరవై మూడు రోజులు ఉంది. శవం గోదావరిఖని చేరేలోపే కాలనీలో అందరూ ఒకటే మాట అన్నారు: బిడ్డకు నౌకరి ఇచ్చి పోయిండు.

ఆ మాట నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. యాభై రోజులు నోరు విప్పలేదు.

కొలువులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. రిటైరైతే రాదు. బొగ్గుబాయి పనికి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చినా వస్తుంది. అందుకని సదానందం రెండుసార్లు బోర్డు ముందు నిలబడ్డాడు. కూతురు సంధ్యారాణి బీకాం చదివింది. భర్త మందమర్రిలో ఇంకో ఇల్లు పెట్టుకుంటే పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ ఉద్యోగం ఆమె కోసం. రెండుసార్లూ డాక్టర్లు సదానందం ఊపిరి, కళ్లు, నడుము చూసి ఫిట్ అని రాశారు. రెండో కాగితం తెచ్చిన రోజు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. మనిషి ఆరోగ్యంగా ఉన్నాడని ఏడ్చిన ఇళ్లు మా కాలనీలో ఇంకా ఉన్నాయి.

నేను అదే బాయిలో సర్దార్‌ని. షిఫ్టులో పని జరిగే చోటికి అందరికంటే ముందు వెళ్లేది నేను. చేతికర్రతో పైకప్పు కొట్టి చూస్తాను. గట్టి బండ మోగుతుంది. విడిన బండ డొల్లగా పలుకుతుంది. బాగుంటే సుద్దముక్కతో గోడ మీద తారీఖు వేసి, సంతకం పెట్టి, "రా" అంటాను. అప్పుడు మిగతావాళ్లు వస్తారు. సదానందం టింబర్‌మన్. కప్పు కింద కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పంతొమ్మిదేళ్లు నేను రా అన్న చోటికి వచ్చాడు. ఎందుకు అని ఒక్కసారి అడగలేదు.

*

నవంబరులో ఒకరోజు మొదటి షిఫ్టు దిగి, క్యాంటీన్‌లో టీ తాగుతుండగా అడిగాడు.

"సర్దార్, సముద్రం జూసినవా?"

"టీవీల చూసిన."

"టీవీల నా మొఖం గూడ మంచిగనే ఉంటది. నిజంగ జూసినవా?"

"లేదన్నా."

"ముప్పై ఆరేండ్లు భూమి లోపట ఏమున్నదో చూసిన. గీ భూమి యాడ అయిపోతదో చూడలె. దిగిపోయే ముందు ఒక్కపారి పోదాం."

సత్తిబాబుకు ఫోన్ చేశాం. అతను పదేళ్లు మా బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి కరెంటు ప్లాంటులోకి మారాడు. జ్యోతినగర్ క్వార్టర్‌లో ఉంటాడు. సొంతూరు భీమిలి అవతల సముద్రం ఒడ్డున. ఇరవై ఏళ్లుగా రమ్మంటున్నాడు.

"ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నమాట మీ ఇద్దరికీ," అన్నాడు. "కారు నాది. తిండి మా అత్తది. మీరు నోళ్లు మాత్రం తెచ్చుకోండి."

తుఫాను వస్తోందని మొదట అనుకున్న తేదీ ఆపాం. అది తీరం దాటాక ఏడో తేదీ ఉదయం ఐదుకు బయలుదేరాం. సదానందం భార్య సారక్క సర్వపిండి మూట కట్టి కారు దాకా వచ్చింది. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లు ఎక్కలేదు. క్వార్టర్ ముందున్న మూడు మెట్లు దిగడానికే గోడ పట్టుకుంటుంది.

"కారుల జాగ ఉన్నది గద. నన్ను గూడ తీస్కపోతే ఏం బోయింది?" అంది.

"ముందుగాల మేం జూసొస్తం," అన్నాడు సదానందం. "మంచిగుంటే జనవరిల నిన్ను తీస్కపోత."

"నేనేమన్న బాయిల దిగుతున్ననా, ముందుగాల మీరు జూసొచ్చుటానికి?"

"సర్దార్ చెప్పకుంట ఎట్ల దిగుతవే?" అని నా వీపు మీద కొట్టాడు.

సంధ్యారాణి పాపను ఎత్తుకుని గుమ్మంలో ఉంది. "నాయినా, నీళ్లల్ల దిగకు," అంది. దిగనన్నాడు.

వరంగల్ దాటాక ఖమ్మం, తర్వాత సత్తుపల్లి. అక్కడ రోడ్డు పక్కన బొగ్గు గనుల మట్టి గుట్టలు కనిపించగానే సదానందం అద్దం దించాడు. "గీడ గూడ మనోళ్లేనా? బొగ్గు మనల్ని ఇడిసేటట్టు లేదుర బై." సత్తిబాబు నవ్వి నవ్వి కారు పక్కకు ఆపాడు. సర్వపిండి అక్కడే తిన్నాం.

రాజమండ్రి వంతెన మీద సదానందం మళ్లీ అద్దం దించాడు. "ఇది మన ఇంటికాడి నీళ్లే గద?"

"అవునన్నా, మీ గోదారే. ఇక్కడ కాస్త లావెక్కింది," అన్నాడు సత్తిబాబు.

"మనకంటె ముందుగాల ఇదే సముద్రం జూస్తదన్నట్టు," అన్నాడు. వంతెన దాటేదాకా అద్దం ఎత్తలేదు.

*

రాత్రి సత్తిబాబు అత్త ఇంట్లో పడుకుని, ఎనిమిదో తేదీ ఉదయం ఆరున్నరకు తీరానికి వెళ్లాం. పొగమంచు పట్టి ఉంది. పది గజాల అవతల ఏముందో కనపడలేదు. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. తుఫాను పోయి మూడు రోజులైనా సముద్రం సద్దుమణగలేదని, అందుకే ఎవరూ వేటకు వెళ్లడం లేదని సత్తిబాబు చెప్పాడు.

ముందు చప్పుడు వినిపించింది. చాలాసేపటికి గాని నీళ్లు కనపడలేదు.

"అచ్చం బాయి తీర్గనే ఉన్నది," అన్నాడు సదానందం. "ముందుగాల చప్పుడు, తర్వాత మనిషి."

నీళ్లు కనపడ్డాక చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. అలా చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నావైపు తిరిగి, "గింతేనా అయిపోవుడంటే?" అన్నాడు. భూమి గురించి అన్నాడు.

"నేను టీ పట్టుకొస్తాను," అన్నాడు సత్తిబాబు. "మీరు మాత్రం నీళ్లలోకి దిగొద్దు. ఇవాళ దీని లెక్క వేరేగా ఉంది."

"దిగమయ్యా. బాయిల దిగి దిగి పానం యాష్టకొచ్చింది. ఇంక గిండ్ల గూడ దిగుతమా?"

దిగలేదు. ఇద్దరం ఇసుక చివరిదాకా నడిచాం. అక్కడ కొండ సముద్రం దాకా వచ్చి ఆగుతుంది. ఒక బండ ముందుకు పొడుచుకొచ్చి కప్పులా ఉంది. కింద ముగ్గురు కూర్చునే జాగా. మంచు సన్నని తుంపరగా మారి చొక్కాలు తడుస్తున్నాయి.

సదానందం బండకు రెండడుగుల ఇవతల ఆగాడు. అలవాటు. నేను ముందు వెళ్లాను. ఇసుకలో విరిగిన తెడ్డు ముక్క ఒకటి పడి ఉంటే దానితో పైన నాలుగు చోట్ల కొట్టాను. మోగింది.

"ఏమంటది?"

"మంచిగనే ఉన్నది."

"తారీఖు ఎయ్యి మరి. లేకుంటే నేను రాను."

నా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది. బండ మీద తారీఖు వేశాను. సంతకం పెట్టాను. "రా," అన్నాను.

వచ్చి కూర్చున్నాడు.

కింద బండ తడిగా ఉంది. పాచి పట్టి ఉంది. నేను చూశాను. బాయిలో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మేం నేలను పట్టించుకోం. పైకి చూస్తాం.

"తమ్మీ, రోడ్డు కాడికెల్లి గీడికి మెట్లు లేవు గద?"

"లేవు."

"ఎన్ని అడుగులొచ్చినం?"

"రెండు వందలుంటయ్."

"సారక్క నడుస్తది. నిమ్మలంగ నడిపిస్తే నడుస్తది. గీ బండ కింద కూసుంటది. ఎండ గూడ తాకది." కప్పును చేత్తో తట్టాడు. "సత్తిబాబును అడగాలె, జనవరిల వాళ్లత్త ఇంట్ల ఒక అర్ర ఇస్తరా అని. కింది అర్ర. మీదిది వద్దు." తర్వాత, "ఫోటో తియ్యి. మీ వదినెకు జూపెట్టాలె," అన్నాడు.

అతనూ, తారీఖూ ఫోటోలో పట్టడానికి నేను ఎడమవైపు ఎత్తుగా ఉన్న రాయి ఎక్కాను. సదానందం తారీఖు పక్కన చెయ్యి ఆనించి నవ్వాడు. ఫోటో తీశాను. ఫోన్‌లో దాని సమయం ఏడు గంటల పదకొండు నిమిషాలు.

మరో రెండు తీశాను. అవి మంచులో సరిగా రాలేదు. ఫోన్ జేబులో పెడుతుండగా చప్పుడు వచ్చింది. బాయిలో కప్పు కూలే ముందు అలాంటి చప్పుడే వస్తుంది. సదానందం పైకి చూశాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. నేనూ కప్పువైపే చూశాను.

నీళ్లు పక్కనుంచి వచ్చాయి. రాయి మీద ఉన్న నాకు నడుము దాకా వచ్చాయి. అవి వెనక్కి పోయాక బండ కింద ఎవరూ లేరు. తడిసినా తారీఖు అలాగే ఉంది.

సత్తిబాబు మూడు కప్పుల టీ పట్టుకొచ్చేసరికి నేను అరుస్తున్నానట. అతను చెబితే తెలిసింది. ఒడ్డున ఉన్నవాళ్లు తాళ్లు తెచ్చారు. పడవ దింపబోయి ఆగారు. ఒక పెద్దాయన సముద్రంవైపు చూసి వద్దన్నాడు.

మధ్యాహ్నం సత్తిబాబు ఆ బండ దగ్గరికి వెళ్లి వచ్చాడు. నా ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కడెందుకు కూర్చున్నార్రా? ఆ పాచి చూడలేదా? పాచి ఉందంటే అక్కడికి నీళ్లొస్తాయని కదా. మా ఊళ్లో చంటిపిల్లకి తెలుసు."

చూశానని చెప్పాను. అతను అరచేతులు రుద్దుకున్నాడు. తర్వాత, "ఆ సుద్దరాత నేను తుడిచేశాను. ఎవరికీ చెప్పకు. చెప్పి ఎవరికేటి లాభం?" అన్నాడు.

పోలీసులు అడిగితే, నీళ్ల దగ్గర నిలబడి కాలు జారి పడ్డాడని చెప్పాను. అదే రాసుకున్నారు. మర్నాడు రెండు కిలోమీటర్ల అవతల శవం ఒడ్డుకు చేరింది.

*

ఆ ఒక్క మాట నుంచి మిగతాదంతా వచ్చింది.

"సదానందం కాలు జారుడేంది?" అన్నారు మా బాయివాళ్లు. "ముప్పై ఆరేండ్లు బురదల దిమ్మెలు మోసినోడు. ఒక్కనాడు జారలె." ఆ తర్వాత లెక్క వాళ్లే వేసుకున్నారు. రెండుసార్లు బోర్డు, రెండుసార్లు ఫిట్, ఇంకా ఇరవై మూడు రోజులు. తిట్టినవాళ్లు ఎవరూ లేరు. అందరూ మెచ్చుకున్నారు. బాయి గేటు దగ్గర సంతాప సభ పెట్టినప్పుడు ఒకాయన మైకులో, "బతికి సాధించలేనిది పోయి సాధించిండు," అన్నాడు. చప్పట్లు కొట్టబోయి ఆగినవాళ్లను చూశాను. నేను ముందు వరుసలో ఉన్నాను.

గోదావరి ఒడ్డున దహనం చేశాం. మూడో రోజు బూడిద నీళ్లలో కలిపాం. ఆ నీళ్లు ఎటు పోతాయో నాకు తెలుసు.

పదకొండో రోజు చుట్టాలు వెళ్లిపోయాక సారక్క నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"తమ్మీ, ఆ పొద్దున నీతోని ఏమన్న అన్నడా?"

"ఏం అనలె వదినా."

"నా గురించి గూడ?"

"సముద్రం చూసుకుంట నిలబడ్డడు. గంతే."

ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపలినుంచి ఆమె గొంతు వినిపించింది. నాతో కాదు. "జనవరిల తీస్కపోతనంటివి. గంత అబద్ధం ఎట్ల చెప్పినవ్?"

నా ఫోన్ జేబులోనే ఉంది. ఆ ఫోటో చూపిస్తే చాలు. చావబోయే మనిషి ముఖం కాదు అది. కానీ ఆ ముఖం పక్కనే నా తారీఖు, నా సంతకం ఉన్నాయి. ఒకటి చూపించి ఒకటి దాచడానికి లేదు. చాయ్ తాగి వచ్చేశాను. తర్వాత కూడా వారానికి రెండుమూడుసార్లు వెళ్లేవాణ్ణి. సరుకులు తెచ్చి ఇచ్చేవాణ్ణి. పాపను అంగన్‌వాడీ నుంచి తీసుకొచ్చేవాణ్ణి. ప్రతిసారీ చాయ్ ఇచ్చేవాళ్లు. తాగేవాణ్ణి.

జనవరి ఇరవై ఏడున ఆఫీసులో క్లర్కు నన్ను పిలిచాడు. "లింగమూర్తన్నా, మీ సదానందం బిడ్డ ఫారం సంతకం పెట్టకుంట వాపస్ ఇచ్చింది. నౌకరి వద్దంటున్నది. నువ్వన్న చెప్పు." ఖాళీ ఫారం నా చేతికిచ్చాడు.

షిఫ్టు దిగి నాలుగింటికి వాళ్లింటికి వెళ్లాను. సారక్క కింద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. సంధ్యారాణి నా చేతిలో ఫారం చూసి లేచి నిలబడింది.

"కాకా, నువ్వు గూడ చెప్పకు. నాయిన పానం ఇచ్చి తెచ్చిన నౌకరి నేనెట్ల జేస్త? నెల నెల జీతం తీస్కునేటప్పుడు నా చెయ్యి వస్తదా? నేను ఇంటికి రాకపోతే నాయిన బతికి ఉండేటోడు. గంతే గద."

"గది కాదు బిడ్డా," అన్నాను.

ఫోన్ తీసి ఫోటో తెరిచి సారక్క ముందు పెట్టాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది.

"నవ్వుతున్నడు," అంది.

సంధ్యారాణి తల్లి భుజం మీదుగా వంగి, రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసింది. నవ్వు మీదనుంచి చెయ్యి మీదికి, చెయ్యి మీదనుంచి బండ మీదికి జరిపింది. సర్దార్ తారీఖు ఎలా ఉంటుందో బాయి పిల్లలకు తెలుసు.

"ఇది నీ సంతకం గద కాకా?"

"నాదే."

"అంటే నువ్వు పిలిచినవ్."

"పిలిచిన. కప్పు కొట్టి చూసి, మంచిగున్నది రా అన్న. నేల తడి ఉండె. పాచి ఉండె. చూసిన గని పిలిచిన. కాలు జారలె. కూసున్నచోటికే నీళ్లొచ్చినయ్."

పాప పక్క గదిలో ఏదో పాడుకుంటోంది.

"ఏమన్నడు?" అంది సారక్క. "ఉన్నదున్నట్టు చెప్పు. ఒక్క మాట ఇడువకు."

చెప్పాను. మెట్లు, అడుగులు, ఎండ, కింది గది, మీదిది వద్దన్నది. ఏదీ వదల్లేదు.

"మెట్లు లేవా అని అడిగిండా?"

"అడిగిండు. లేవన్న."

"రెండు వందల అడుగులు."

"అవు వదినా."

ఆమె కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. "నడుద్దును," అంది.

తర్వాత ఏడ్చింది. దహనం రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. సంధ్యారాణి పక్కన కూర్చుని పట్టుకుంది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. కూర్చోమని ఎవరూ అనలేదు.

చాలాసేపటికి సారక్క ముఖం తుడుచుకుని కూతురితో అంది, "ఆ కాయిదం తీస్కో. సంతకం పెట్టు. మీ నాయిన నీ కొరకు పోలె. నా కొరకు జాగ చూస్తుండె."

సంధ్యారాణి నా చేతిలోంచి ఫారం తీసుకుంది. నా ముఖం చూడలేదు.

సారక్క ఫోన్ నాకు తిరిగి ఇచ్చింది. "గీ మాట నీకాడ పెట్టుకొని, యాభై దినాలు నా ఇంట్ల చాయ్ తాగినవా లింగమూర్తీ?"

అప్పటిదాకా ఆమె నన్ను పేరు పెట్టి పిలవలేదు. తమ్మీ అనేది.

"పో," అంది. "నేను పిలిచేదాక రాకు."

*

ఇది జరిగి రెండేళ్లయింది. ఇంకా పిలవలేదు.

సంధ్యారాణికి ఏప్రిల్‌లో మా బాయిలోనే ల్యాంపు రూములో పోస్టింగ్ ఇచ్చారు. దిగేటప్పుడు ల్యాంపు ఇచ్చేది ఆమే, ఎక్కాక తీసుకునేది ఆమే. కిటికీలోంచి నంబరు చెబుతుంది, ల్యాంపు ఇస్తుంది. కాకా అనదు. షిఫ్టు ముగిశాక ల్యాంపులన్నీ వచ్చేదాకా రిజిస్టరు మూయదు. ఒక ల్యాంపు రాలేదంటే ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. సర్దార్ అందరి తర్వాత ఎక్కాలి కాబట్టి నాదే ఆఖరిది. నేను వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర నిలబడి దారివైపు చూస్తూ ఉంటుంది. ల్యాంపు తీసుకుని, నా నంబరుకు ఎదురుగా గీత కొట్టి, కిటికీ వేస్తుంది. అది ఎవరికైనా చేసే పనే. నేను దాన్ని అంతకంటే ఎక్కువ అనుకోవడం లేదు.

బాయిలో ఇప్పుడు కప్పు కొట్టి చూశాక రా అని అనలేకపోతున్నాను. ల్యాంపు రెండుసార్లు ఆడిస్తాను. సర్దార్ నోట్ల ఏం పెట్టుకున్నడో అని కొత్తవాళ్లు నవ్వుతారు. వాళ్లు వచ్చేలోపు తారీఖు వేస్తాను. సంతకం పెడతాను. తర్వాత వంగి, చేత్తో నేల తడిమి చూస్తాను.

తడిగానే ఉంటుంది.